‘అప్’ల తిప్పలు

గివ్ అంటే ఇవ్వడం. అప్ అంటే పైకి. ఈ రెండు మాటలూ ఎల్‌కేజీ పిల్లలకు కూడా వచ్చు. రెంటినీ పక్కపక్కన చేర్చి ‘గివ్ అప్’ అన్నామా, అందులో ఇచ్చేదీ ఉండదు, పైకి పోయేదీ ఉండదు. చేతులెత్తేయడం ఒక్కటే మిగులుతుంది. పుట్ అంటే పెట్టడం. కానీ పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అవుట్ అంటే మంటనో దీపాన్నో ఆర్పేయడం, పుట్ ఆన్ అంటే తొడుక్కోవడం, పుట్ డౌన్ అంటే మనిషిని నలుగురిలో తీసిపారేయడం, పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. వీటిలో పెట్టడమన్నది భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. వ్యాకరణ పుస్తకాలు వీటిని ఫ్రేజల్ వెర్బ్స్ అంటాయి: ముందు ఒక మామూలు క్రియ, వెనకాల అప్, అవుట్, ఆఫ్, ఆన్, డౌన్ లాంటి ఒక తోక. విచిత్రమేమిటంటే, డిగ్రీ దాకా ఇంగ్లిష్ చదివిన తెలుగువాళ్లలో చాలామందికి పోస్ట్‌పోన్ వచ్చు, ఎక్స్‌టింగ్విష్ వచ్చు, టాలరేట్ వచ్చు. తడబాటంతా పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్‌ల దగ్గరే. నోరు తిరగని పెద్ద మాట తేలికై, పాలుగారే చిన్న మాట కష్టమవడం ఏ భాష విషయంలోనైనా తలకిందుల వ్యవహారమే.

ఈ తలకిందులకు కారణం ఫ్రేజల్ వెర్బ్స్‌లో లేదు, మన దగ్గరికి ఇంగ్లిష్ నడిచొచ్చిన దారిలో ఉంది. అది వంటింటి గుమ్మంలోంచి రాలేదు. కోర్టు మెట్ల మీంచి, కలెక్టరు కచేరీలోంచి, కాలేజీ తరగతి గదిలోంచి వచ్చింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టేనాటికి ఇంగ్లిష్ చదువంటే కొలువుకు దారి. ఆ కొలువులో కావలసింది అర్జీల ఇంగ్లిష్, తీర్పుల ఇంగ్లిష్. పిల్లాణ్ని నిద్రలేపే ఇంగ్లిష్‌తో, పొయ్యి ఆర్పమనే ఇంగ్లిష్‌తో గుమాస్తాకు పనేముంది? తెలుగులో అప్పుడు పుస్తకాల భాష ఒకటి, నోటి భాష ఒకటిగా ఉండేవి. ఆ గోడ కూల్చడానికి గిడుగు రామమూర్తి పంతులు జీవితం ధారపోశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. సొంత భాషలో వాడుక కోసం అంత కొట్లాడినవాళ్లం, పరాయి భాష దగ్గరికి వచ్చేసరికి గ్రాంథికాన్నే నెత్తికెత్తుకున్నాం. ఫ్రేజల్ వెర్బ్స్ ఇంగ్లిష్ వాళ్ల వ్యావహారికం. వాటిని జాబితాలుగా బట్టీ పట్టించినంత కాలం అవి గారడీ మాటల్లాగే కనిపిస్తాయి. వాక్యంలో పెట్టి, మన తెలుగు క్రియల పక్కన నిలబెట్టి చూస్తే, ఆ గారడీ మనమూ రోజూ చేస్తున్నదేనని తేలుతుంది.

ఇంగ్లిష్‌లో ఈ రెండంతస్తుల మేడ ఎలా లేచిందో కాస్త చూడాలి. పాత ఇంగ్లిష్‌లో ఈ చిన్న మాటలు చాలాచోట్ల క్రియకు ముందు అతుక్కుని ఉండేవి. ఫర్‌గివ్, అండర్‌స్టాండ్, విత్‌స్టాండ్ ఆ కాలం నుంచి మిగిలినవే. విత్‌స్టాండ్‌లోని విత్‌కు ‘తో’ అని కాదు, ‘ఎదురుగా’ అని అర్థం. మనం ఎదురునిలవడం అంటామే, అచ్చం అదే. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక కోర్టులో, కొలువులో ఫ్రెంచి పీట వేసుకుంది. చర్చిలో, చదువులో లాటిన్ ఎలాగూ ఉంది. పొలంలో, సంతలో, పొయ్యి దగ్గర పాత మాటలే సాగాయి. ముందు అతుక్కున్న ఉపసర్గలు తరాల మీద సడలిపోతే, వాటి పని వెనకాల విడిగా నిలిచే తోకల మీద పడింది. అందుకే ఇవాళ్టికీ ఒకే పనికి పైఅంతస్తులో సరెండర్ ఉంటే కింద గివ్ అప్, పైన ఇన్వెస్టిగేట్ ఉంటే కింద లుక్ ఇంటూ, పైన డిస్కవర్ ఉంటే కింద ఫైండ్ అవుట్. మరణించాడు, పోయాడు, పరిత్యజించాడు, వదిలేశాడు, ఇలాంటి మేడలో పుట్టి పెరిగిన తెలుగువాడికి ఇది కొత్త కట్టడం కాదు. మన మేడలో పైన సంస్కృతం, వాళ్ల మేడలో పైన ఫ్రెంచి, లాటిన్, అంతే.

పరదేశి కాలు జారేది సరిగ్గా ఇక్కడేనని శామ్యూల్ జాన్సన్ ఎప్పుడో చెప్పాడు. 1755లో అచ్చయిన తన నిఘంటువు ముందుమాటలో, క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చేసే ఈ అలవాటు బయటివాళ్లను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని రాసి, కొన్ని ఉదాహరణలిచ్చాడు. వాటిలో టేక్ ఆఫ్ ఒకటి. దానికి ఆయన చెప్పిన అర్థం ‘నకలు తీయడం’. విమానాలు లేని రోజులు మరి. ఇవాళ టేక్ ఆఫ్ అంటే బూట్లు విప్పడం, విమానం గాల్లోకి లేవడం, బిల్లులో కొంత తగ్గించడం, ఆఫీసుకు సెలవు పెట్టడం, చెప్పాపెట్టకుండా ఉడాయించడం, వ్యాపారం ఊపందుకోవడం. ఆరు అర్థాలూ ఆరు వేర్వేరు దిక్కుల్లో ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, తోకను పట్టుకుని చూస్తే ఒకే దారం దొరుకుతుంది. ఆఫ్ అంటే ఉన్నచోటి నుంచి విడివడడం. బూటు కాలి నుంచి విడివడింది, విమానం నేల నుంచి, రూపాయి ధర నుంచి, ఉద్యోగి పనిరోజు నుంచి, ఉడాయించినవాడు మన కళ్లెదుటి నుంచి. వ్యాపారానికి విమానమే పోలిక. జాన్సన్ చెప్పిన నకలు మాత్రం ఈ దారానికి తేలిగ్గా ఎక్కదు. అసలు వస్తువులోంచి దాని రూపాన్ని విడదీసి తీసుకోవడం అని సరిపెట్టుకోవాలేమో.

ఇలాంటివి ఎన్నని నేర్చుకుంటాం అన్న భయం సహజం. ఫ్రేజల్ వెర్బ్స్‌కంటూ ప్రత్యేకంగా వచ్చిన నిఘంటువులు వేల సంఖ్యలో వీటిని లెక్కపెడతాయి. అయితే ఆ వేలల్లో నిజంగా పనిచేసేవి ఎన్ని? బ్రిటిష్ నేషనల్ కార్పస్ అని పది కోట్ల మాటల భాండాగారం ఒకటుంది. పత్రికలు, పుస్తకాలు, మామూలు మనుషుల మాటామంతీ అన్నీ ఎక్కించినది. డీ గార్డ్‌నర్, మార్క్ డేవీస్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో దాన్ని జల్లెడ పట్టారు. గో, కమ్, టేక్, గెట్, సెట్, టర్న్, పుట్ లాంటి 20 క్రియలు. అవుట్, అప్, ఆన్, బ్యాక్, డౌన్, ఇన్, ఆఫ్, ఓవర్ అనే 8 తోకలు. ఈ ఇరవై, ఎనిమిది కలిసి చేసే జంటలే ఆ భాండాగారంలోని ఫ్రేజల్ వెర్బ్ ప్రయోగాల్లో సగానికి పైగా ఉన్నాయి. 2015లో గార్నియర్, ష్మిట్ అనే పరిశోధకులు మరో అడుగు వేసి, ఎక్కువగా వినిపించే 150 జంటలను తీసుకుని, ఒక్కోదానికి జనం నిజంగా వాడే ప్రధాన అర్థాలేవో తేల్చారు, సగటున రెండు. నిఘంటువులో పది అర్థాలున్న జంట కూడా బజారులోకి వచ్చేసరికి ఒకటి రెండు అర్థాలతోనే కాలం వెళ్లదీస్తుందన్నమాట. ఇక ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు సంగతి. దానికి ప్రచారం తెచ్చినది లోగన్ పియర్సల్ స్మిత్ 1925 నాటి పుస్తకం. ఆ పేరు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ సూచించిందని స్మిత్ ఒప్పుకున్నాడు. దాన్నిబట్టి చూస్తే అలవాటుకు వెయ్యేళ్లు, పేరుకు నూరేళ్లు.

చిన్న మాటలు కాబట్టి చిటికెలో వచ్చేస్తాయనుకోవడం మరో పొరపాటు. ఆ పొరపాటు సాదాసీదా మనుషులు కాదు, సి.కె. ఆగ్డెన్ అంతటి మేధావి చేశాడు. 1930లో ఆయన ‘బేసిక్ ఇంగ్లిష్’ అని ఒక పథకం తెచ్చాడు. ప్రపంచమంతా నేర్చుకోదగ్గ ఇంగ్లిష్, మొత్తం 850 మాటలే. అందులో క్రియలు 18. కమ్, గెట్, గివ్, గో, పుట్, టేక్ వగైరా. మిగతా క్రియలన్నిటినీ ఎలా గెంటేశాడు? ఎక్స్‌టింగ్విష్ ఎందుకు, పుట్ అవుట్ ఉందిగా. కంటిన్యూ ఎందుకు, గో ఆన్ ఉందిగా అని. కాగితం మీద లెక్క అద్భుతంగా కుదిరింది. కానీ పుట్ వచ్చి, అవుట్ వచ్చినవాడికి పుట్ అవుట్ రాదే! దాన్ని వేరే మాటగా మళ్లీ నేర్చుకోవాల్సిందే. 850 మాటల సంచీలో లెక్కకు రాని మాటలు ఇంకెన్నో దాక్కుని ఉన్నాయి. పెద్ద మాట ఏ అర్థంతో వచ్చిందో ఆ అర్థంతోనే ఉంటుంది. చిన్న మాటలు పొత్తులు మారుస్తుంటాయి, పొత్తు మారినప్పుడల్లా మాట మారుస్తాయి. రాజకీయ వార్తలు చదివేవాళ్లకు ఈ స్వభావం గురించి వేరే చెప్పక్కర్లేదు.

పొత్తు మారితే మాట మార్చడంలో తెలుగు క్రియలు ఇంగ్లిష్‌కు ఏం తక్కువ తిన్నాయి? పట్టు అన్న ఒక్క మాట చూడండి. పట్టుబట్టాడు అంటే మొండికేశాడు. పట్టుబడ్డాడు అంటే దొరికిపోయాడు. ఒక్క ‘ట’కూ ‘డ’కూ మధ్య మంత్రి అలకకూ ఏసీబీ వలకూ ఉన్నంత దూరం. పట్టించుకున్నాడు అంటే శ్రద్ధ పెట్టాడు, పట్టించాడు అంటే పోలీసులకు చూపించాడు. కొట్టు సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. కొట్టేశాడు అంటే దొంగిలించాడు. కొట్టిపారేశాడు అంటే ఒప్పుకోలేదు. వరదలో కొట్టుకుపోయింది అన్నచోట కొట్టినవాడు లేడు. గుండె కొట్టుకుంటోంది అంటే బతికే ఉంది. అదే కొట్టు తోకగా వెళ్లి చేరితే చెడగొట్టాడు, పోగొట్టాడు, ఫీజు ఎగ్గొట్టాడు, పాట పాడి అదరగొట్టాడు. వీటిలో ఎక్కడా దెబ్బ లేదు. వెనకేశాడు అంటే డబ్బు కూడబెట్టాడు, వెనకేసుకొచ్చాడు అంటే తప్పు చేసినవాణ్ని సమర్థించాడు, లోపలేశారు అంటే జైల్లో పెట్టారు, పైకొచ్చాడు అంటే మేడెక్కాడని కాదు. తెలుగు నేర్చుకునే ఏ జర్మన్ విద్యార్థికైనా ఇవి చూపించి ఇవన్నీ మాకు పుట్టుకతో వచ్చు అంటే, గివ్ అప్ చూసి మనం పడే బెంగే అతని మొహంలోనూ కనిపిస్తుంది.

ఇంకా దగ్గరగా చూస్తే, ఇంగ్లిష్ అప్ చేసే ఒక ముఖ్యమైన పనిని తెలుగులో వేయు, పోవు చేస్తున్నాయి. ఈట్ అంటే తినడం, ఈట్ అప్ అంటే కంచం ఖాళీ చేయడం. తిన్నాడు, తినేశాడు. యూజ్ అంటే వాడడం, యూజ్ అప్ అంటే సబ్బు బిళ్ల అరిగి మాయమయ్యేదాకా వాడేయడం. డ్రింక్ అప్, తాగేయ్. క్లీన్ అప్, శుభ్రం చేసేయ్. డ్రై అప్, ఎండిపోవడం. ఈ అప్‌లో పైకి అన్న దిక్కేమీ లేదు, పని పూర్తయిందన్న ముద్ర ఉంది. వేయులో విసరడం, పోవులో వెళ్లడం ఎలా ఇగిరిపోయాయో ఇక్కడ ఎత్తూ అలాగే ఇగిరిపోయింది. తెలుగు మరింత గడుసుది. చేసినవాడు కావాలని చేస్తే వేయు: గ్లాసు పగలగొట్టేశాడు. ఎవరి ప్రమేయం లేకుండా జరిగితే పోవు: గ్లాసు పగిలిపోయింది. ఇంట్లో గ్లాసు చేజార్చిన పిల్లలు ఏ రూపం ఎంచుకుంటారో అమ్మలందరికీ తెలుసు. ఇంగ్లిష్ అప్‌కు ఈ తేడా పట్టదు. పైగా అక్కడ ఇల్లు తగలబడితే బర్న్ డౌన్, కాగితాలు తగలబడితే బర్న్ అప్. ఇల్లు కూలి నేలమట్టం అవుతుంది కాబట్టి కిందికి, కాగితం పూర్తిగా అయిపోతుంది కాబట్టి పైకి. కాలిపోయింది అన్న ఒక్క మాటతో మనం రెంటినీ దులిపేసుకుంటాం.

ఇక్కడ వ్యాకరణం తెలిసినవాళ్లు అడ్డుపడతారు. తెలుగులో రెండు క్రియలు కలుస్తాయి, ఇంగ్లిష్‌లో క్రియ వెనక దిక్కును చెప్పే అవ్యయం చేరుతుంది. ఈ పోలిక ఎంతదూరం పోతుంది అని. న్యాయమైన అభ్యంతరమే. పోలిక అర్థం దగ్గర నిలుస్తుంది, వాక్యం అమరిక దగ్గర నిలవదు. చేసేయ్ అన్నాక చేసికీ వేయ్‌కీ మధ్య సూది కూడా దూరదు. ఇంగ్లిష్ జంట అలా కాదు, విడిపోయి మధ్యలో మనిషిని కూర్చోబెట్టుకుంటుంది. టర్న్ ఆఫ్ ది లైట్ అనొచ్చు, టర్న్ ది లైట్ ఆఫ్ అనొచ్చు. లైట్ బదులు ఇట్ వస్తే మాత్రం టర్న్ ఇట్ ఆఫ్ అనే అనాలి, టర్న్ ఆఫ్ ఇట్ కుదరదు. లుక్ ఆఫ్టర్ దగ్గర ఈ సౌకర్యం లేదు. లుక్ ఆఫ్టర్ హిమ్ అనాలే తప్ప హిమ్‌ను మధ్యలోకి తేకూడదు. ఊనిక కూడా చూసుకోవాలి. టర్న్ ఇట్ ఆఫ్‌లో ఆఫ్ మీద బలం పడాలి. మనం అలవాటుగా టర్న్ మీద వేస్తాం, వినేవాడికి అసలు మాటే వినపడదు. బండి చెడిపోవడం క్రియగా బ్రేక్ డౌన్, ఊనిక డౌన్ మీద. నామవాచకంగా బ్రేక్‌డౌన్, ఊనిక బ్రేక్ మీద. ఇవి తెలుగు నుంచి రావు, వేరుగా నేర్చుకోవాల్సిందే. కానీ భయం పుట్టేది అమరిక దగ్గర కాదు. ఇచ్చేది లేని గివ్ అప్ దగ్గర, పెట్టేది లేని పుట్ ఆఫ్ దగ్గర. ఆ భయానికి మందు తెలుగులోనే ఉంది.

వాక్యంలో పెట్టి చూడాలన్నది ఎందుకో ఒక వంటింటి ఉదాహరణ చెబుతుంది. గ్యాస్ అయిపోయింది. జాబితా చూసి నేర్చుకున్నవాడికి రన్ అవుట్ అంటే అయిపోవడం అని తెలుసు. ఇంగ్లిష్‌లో దీన్ని రెండు రకాలుగా చెప్పొచ్చు. గ్యాస్ హాజ్ రన్ అవుట్, ఇక్కడ అయిపోయింది గ్యాస్. వి హావ్ రన్ అవుట్ ఆఫ్ గ్యాస్, ఇక్కడ పరుగెత్తి ఖాళీ అయింది మనం. తెలుగులో ఈ రెండోది లేదు. ‘మాకు గ్యాస్ అయిపోయింది’ అని మనం ‘కు’ వెనక నిలబడతాం, కర్త గ్యాసే. ఓపిక నశించింది, డబ్బులైపోయాయి, టైమైపోయింది, మాటలు కరువయ్యాయి, అన్నిటిలోనూ పోయేది వస్తువు, మనిషి పక్కన నిలబడి చూస్తుంటాడు. ఇంగ్లిష్ వాడు మాత్రం ఓపికలోంచి, డబ్బులోంచి, టైములోంచి తానే బయటికి పరుగెత్తుతాడు. ఈ తేడా ఏ జాబితాలోనూ దొరకదు. అది దొరకని చోటే, గ్యాస్ గాట్ ఓవర్, ఎగ్జామ్స్ గాట్ ఓవర్ అనే మన దేశవాళీ ప్రయోగం పుట్టింది. మిగతా ప్రపంచంలో గెట్ ఓవర్ అంటే జ్వరం నుంచో దుఃఖం నుంచో తేరుకోవడం.

బస్సు దిగడం ఇలాంటిదే మరొకటి. తెలుగులో బస్సు, కారు, చెట్టు, మెట్లు, గుర్రం అన్నిటికీ ఎక్కడం, దిగడం అనే రెండే మాటలు. దిగడంలో కిందికి అన్న దిక్కు ఉంది కాబట్టి గెట్ డౌన్ అనేస్తాం. ఇంగ్లిష్‌కు ఇక్కడ ఎత్తుపల్లాలు పట్టవు. లోపల ఎలా ఉంటామన్నదే లెక్క. నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానం ఒక అరుగు లాంటివి. అరుగు మీదికి ఆన్, అరుగు మీంచి ఆఫ్. ముడుచుకుని కూర్చునే కారు, ఆటో పెట్టె లాంటివి. పెట్టెలోకి ఇన్, పెట్టెలోంచి అవుట్. అందుకే గెట్ ఆఫ్ ది బస్, గెట్ అవుట్ ఆఫ్ ది కార్. ఇది తెలిశాక బట్టీ అక్కర్లేదు. తెలియకపోతే గెట్ అవుట్ అన్న మాటే తిట్టనుకుని కారు దిగమన్నవాడి మీద అలుగుతాం.

నిజానికి ఈ జంటలు తెలుగింట్లో ఎప్పుడో కాపురం పెట్టేశాయి. శాసనసభలో ప్రతిపక్షం వాకౌట్ చేస్తుంది. షూటింగ్‌కు ప్యాకప్ చెబుతారు. ఊరి చివర పొలాలన్నీ లేఔట్లవుతాయి. క్రికెట్‌లో రనౌట్, పోలీసు స్టేషన్లో లాకప్, పెళ్లికి మేకప్, రిటైరైన మాస్టారికి సెండాఫ్, కుదరని సంబంధానికి ‘వర్కవుట్ కాలేదు’ అనే తీర్పు. సెటప్ అన్న మాటకు తెలుగులో పట్టిన మరో అర్థం జోలికి ఈ పేజీల్లో పోనక్కర్లేదు. అన్నీ నామవాచకాలుగా వచ్చి, చేయు, అవు తగిలించుకుని మన క్రియలైపోయాయి. వాకౌట్ తెలిసినవాడికి దే వాక్డ్ అవుట్ తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసిందే, తెలిసినట్టు తెలియదు అంతే. పాఠం ఇక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు. రనౌట్‌లో బ్యాట్స్‌మన్ అవుటైపోయినట్టే గ్యాస్‌లోంచి మనం అవుటైపోయాం అంటే ఏ పిల్లాడికి ఎక్కదు?

మన ఇంగ్లిష్ మనది, తెల్లవాడి సర్టిఫికెట్టు ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఈ మాటలో చాలా నిజముంది. మన దేశంలో వాడుకలో నిలిచిన ప్రీపోన్‌కు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చోటు దొరికింది. పాస్ అవుట్‌కైతే వంశవృక్షం కూడా ఉంది; బ్రిటిష్ సైనిక అకాడమీల పాసింగ్ అవుట్ పరేడ్ నుంచి వచ్చింది. హైదరాబాద్‌లో పోలీసు అకాడమీ పరేడ్ వార్త రాసే విలేకరికి ఆ మాట పరాయిది కాదు. అక్కణ్నుంచి ‘2022లో పాస్ అవుట్ అయ్యాను’ అన్నది తెలుగు రాష్ట్రాల్లో ఎవరికైనా చక్కగా అర్థమవుతుంది, అర్థమైనంత మేరా అది తప్పు కాదు. కోప్ విత్ బదులు మనం అనే కోప్ అప్ విత్ కూడా కీప్ అప్ విత్, పుట్ అప్ విత్‌లను చూసి బుద్ధిగా కట్టుకున్న మాటే. తోక ఎక్కువైంది గానీ తర్కం తక్కువ కాలేదు. చిక్కల్లా చెవి మారినప్పుడు వస్తుంది. డాలస్‌లో ఒంట్లో బాగోక ఆసుపత్రికి వెళ్లిన కుర్రాణ్ని ఊహించుకోండి. డిడ్ యూ పాస్ అవుట్ అని డాక్టరు అడిగితే స్పృహ తప్పిందా అని. యెస్, ఇన్ ట్వంటీ ట్వంటీ టూ అని జవాబొస్తే డాక్టరు రాసే పరీక్షల చిట్టా వేరేగా ఉంటుంది. మన వాడుకను వదులుకోమని కాదు. అవతలివాళ్ల వాడుక కూడా చెవిన వేసుకోమని.

ఇవి యాస మాటలు, గౌరవమైన చోట పనికిరావు అన్నది స్టాఫ్‌రూముల్లో తరచూ వినిపించే అభ్యంతరం. కబుర్లలో, కథల్లో వీటి వాడకం ఎక్కువ, పరిశోధన పత్రాల్లో తక్కువ అన్నది నిజమే. కానీ తక్కువంటే లేదని కాదు. ప్రయోగం చేయడానికి క్యారీ అవుట్, లోపం చూపడానికి పాయింట్ అవుట్ లేని పరిశోధన పత్రం అరుదు. ఇక న్యాయస్థానం కంటే గౌరవమైన చోటేముంది? 2024 ఫిబ్రవరి 15న ఎలక్టోరల్ బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు ఏం చేసింది? ఇంగ్లిష్ పత్రికలు స్ట్రక్ డౌన్ అన్నాయి. తెలుగులో కొట్టేసింది అన్నాం. స్ట్రైక్ అంటే కొట్టడం, దాని వెనక డౌన్; కొట్టు, దాని వెనక వేయు. రెండు భాషలు ఒకరినొకరు చూసుకోకుండానే ఒకే చోట కాలు పెట్టాయి. తేడా ఒకటుంది. కోర్టు ఇంగ్లిష్‌లో స్ట్రైక్ డౌన్ ఎక్కువగా చట్టాలకు, పథకాలకు. పిటిషన్ అయితే డిస్మిస్, కింది కోర్టు తీర్పు అయితే సెట్ అసైడ్. మన కొట్టేయడానికి ఆ పట్టింపు లేదు. చట్టమైనా, కేసైనా, పక్కింటివాడి సైకిలైనా ఒకటే.

సందర్భాన్ని బట్టి అర్థమైపోతుందిలే అన్నది చివరి దిలాసా. నూటికి తొంభైసార్లు అవుతుంది. మిగతా పదిలో ఒకటి 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో ఎదురైంది. పొగమంచు కమ్మిన రన్‌వే మీద ఒక డచ్ విమానం, ఒక అమెరికన్ విమానం, రెండూ బోయింగ్ 747లే. డచ్ విమానం నుంచి రేడియోలో ‘ఇప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం’ అనో, ‘టేకాఫ్ అవుతున్నాం’ అనో రెండు రకాలుగానూ అర్థం చేసుకోదగ్గ మాట వచ్చింది. కంట్రోల్ టవర్ మొదటిదే అనుకుంది. విమానం అప్పటికే పరుగందుకుంది. రెండూ ఢీకొని 583 మంది చనిపోయారు. ఘోరానికి కారణం ఆ మాట ఒక్కటే కాదు. మంచు ఉంది, ఒకేసారి రెండు గొంతులు రేడియోలో కలిసి చెదిరిపోవడం ఉంది, అనుమతి రాకముందే కదలడం ఉంది. కానీ ఆ తర్వాత విమానయానం నేర్చుకున్న పాఠాల్లో భాష పాఠం ముఖ్యమైనది. ఇవాళ విమానం నేల విడిచే అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దుచేసేటప్పుడో తప్ప రేడియోలో టేకాఫ్ అన్న మాట పలకరు. మిగతా మాటలన్నిటికీ డిపార్చర్. జాన్సన్ కాలం నుంచి అర్థాలు కూడబెట్టుకుంటూ వచ్చిన జంటను ఒక్క అర్థానికి కట్టేసి తాళం వేశారు. విమానాశ్రయంలో ఇది సాధ్యం. వీధిలో సాధ్యం కాదు.

వీధిలో బతకడానికే మన పిల్లలు వేలల్లో సముద్రాలు దాటుతున్నారు. జీఆర్‌ఈ కోసం నాలుక మెలికపడే మాటలు వందలకొద్దీ నెమరేసుకున్న విద్యార్థికి అక్కడ దిగాక ఆ మాటలు పలికేవాడు కనబడడు. ఇంటి ఓనరు ‘ది హీటర్ ఈజ్ యాక్టింగ్ అప్’ అంటాడు. యాక్టింగ్‌కూ హీటర్‌కూ ఏం సంబంధం అని జుట్టు పీక్కోనక్కర్లేదు, హీటర్ మొరాయిస్తోంది. మొరాయించేది మొండి గుర్రం. ఇంగ్లిష్‌లో యంత్రం అల్లరి పిల్లాడైంది, తెలుగులో గుర్రమైంది. ఆఫీసులో బాస్ పుష్ బ్యాక్ చేశాడంటే తోసేశాడని కాదు, ఒప్పుకోకుండా ఎదురు చెప్పాడని. లెట్ గో అంటే విడిచిపెట్టారని సంతోషించకూడదు; ఉద్యోగంలోంచి తీసేశారని. ఆ తీసేయడమే పద్ధతిగా, మందలు మందలుగా జరిగితే లే ఆఫ్. ఇది మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేకుండా తెలుగు పత్రికల శీర్షికల్లోకి లేఆఫ్‌లై వచ్చి కూర్చుంది. కడుపు కాలే చోట నేర్చుకున్న మాట మరిచిపోం.

మనకు కావలసిన పుస్తకం అక్షర క్రమంలో బ్రేక్ డౌన్, బ్రేక్ ఇన్, బ్రేక్ అవుట్ అంటూ సాగేది కాదు. తెలుగు వైపు నుంచి తెరుచుకునేది. చేతులెత్తేయు దగ్గర గివ్ అప్, మొరాయించు దగ్గర యాక్ట్ అప్, నీళ్లునములు దగ్గర ఏ తోకా లేదన్న నిజం, వెనకేసుకొచ్చు దగ్గర స్టిక్ అప్ ఫర్. ఒక్కోదాని కింద నాలుగు వాక్యాలు, వాటిలో మనిషి ఎక్కడ, వస్తువు ఎక్కడ, ఊనిక ఎక్కడ. పుట్ అప్ విత్‌కు తెలుగు ఏం రాయాలన్న దగ్గర కొంత తగువు తప్పదు. ఓర్చుకోవడం అంటే గొప్పతనం ఎక్కువైంది, భరించడం అంటే బాధ ఎక్కువైంది. పక్కింటి టీవీ మోతను, అత్తగారి దెప్పిపొడుపును, నెట్‌వర్క్ లేని ఫోనును రోజూ పుట్ అప్ విత్ చేసేవాళ్లు వాడేది సర్దుకుపోవడం. సర్దు, కొను, పోవు. అటు పుట్, అప్, విత్. మూడుకు మూడు. ఇక్కడ సర్దే సామానేమీ లేదు, కొనేదీ లేదు, పోయే ఊరూ లేదు. అక్కడ పెట్టేదీ లేదు, పైకెత్తేదీ లేదు.